పాల రంగు షీటు వేస్తే కాపు పడిపోతుందా?

ప్రశ్న: నమస్కారం సార్. మాది చేవెళ్ల దగ్గర ఊరు. ఎకరం పాలీహౌస్‌లో కొన్నేళ్లుగా రంగు క్యాప్సికమ్ వేస్తున్నాం. పైన షీటు పాతబడింది, ఈ వేసవిలో పంట తీసేశాక మార్చాలి. డీలరు రెండు శాంపిళ్లు ఇచ్చాడు. ఒకటి అద్దంలా క్లియర్‌గా ఉంది. రెండోది పాల రంగులో ఉంది, దాన్ని డిఫ్యూజ్డ్ అంటున్నాడు, ధర కాస్త ఎక్కువ. పక్క ఊరి రైతు ఒకాయన పాల షీటు వేస్తే వెలుతురు తగ్గి కాపు పడిపోతుందని గట్టిగా చెబుతున్నాడు. ఫిబ్రవరి నుంచి మా తోటలో పైకొమ్మల కాయల మీద తెల్ల మచ్చలు వస్తున్నాయి, పై ఆకులు ముడుచుకుంటున్నాయి, కింది ఆకులేమో పసుపుబారి రాలుతున్నాయి. ఎండ ఎక్కువైందని లోపల ఉన్న 50 శాతం నల్ల షేడ్‌నెట్ రోజంతా మూసే ఉంచుతున్నాం. అయినా పెద్ద తేడా లేదు, పైగా పూత రాలుతోంది. ఏ షీటు తీసుకోమంటారు? పక్కనే చిన్న నర్సరీ కూడా పెడదామనుకుంటున్నాం, దానికీ అదే వేయొచ్చా?

జవాబు: ముందు షీటు సంగతి తేల్చేస్తాను. డిఫ్యూజ్డ్ షీటే తీసుకోండి, కానీ ఒక షరతు మీద. దాని గుండా లోపలికి వచ్చే మొత్తం వెలుతురు క్లియర్ షీటుతో దాదాపు సమానంగా ఉండాలి, రెండు మూడు శాతానికి మించి తేడా ఉండకూడదు. అంతకంటే ఎక్కువ తగ్గితే మీ పక్క ఊరాయన చెప్పిందే నిజమవుతుంది. ఇంకో మాట, మీ ఉత్తరం చదివితే నాకు షీటు కంటే ఆ నల్ల నెట్ మీదే ఎక్కువ అనుమానం వచ్చింది. రోజంతా మూసి ఉంచడం ముందు ఆపండి, ఎలా ఆపాలో కింద చెబుతాను, ఒక్కసారిగా మాత్రం తీసేయకండి.

ఒకే మొక్క మీద మీరు రెండు వ్యతిరేకమైన ఫిర్యాదులు రాశారు, గమనించారా? పైన ఎండ ఎక్కువై కాయ కాలుతోంది, కింద వెలుతురు చాలక ఆకు పసుపుబారుతోంది. అంటే మీ పాలీహౌస్‌లో మొత్తం వెలుతురు ఎక్కువో తక్కువో కావడం కాదు, అది పంచుకోబడే తీరు బాగాలేదు. నెట్ వేసి మొత్తాన్నీ సగానికి కోస్తే పైన కొంచెం ఊరట దొరుకుతుంది గానీ, కింద అసలే లేని చోట ఉన్నది కూడా పోతుంది.

ఆకు వెలుతురును ఎలా వాడుకుంటుందో తెలిస్తే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది. నీడలో ఉన్న ఆకు మీద కాస్త వెలుతురు పడితే చాలు, దాదాపు అంతా వాడుకుని పిండిపదార్థం తయారు చేస్తుంది. వెలుతురు పెరిగేకొద్దీ తయారీ కూడా పెరుగుతుంది, కానీ అదే వేగంతో కాదు. ఒక దశ దాటాక ఎంత ఎండ పోసినా ఆ ఆకు ఇక పెద్దగా ఏమీ చేసుకోలేదు. మన దగ్గర మబ్బు లేని వేసవి మధ్యాహ్నం బయట సుమారు లక్ష లక్స్ (లక్స్ అంటే వెలుతురును కొలిచే లెక్క) వెలుతురు ఉంటుంది. ఒక్క క్యాప్సికమ్ ఆకు దానిలో సుమారు సగానికే నిండిపోతుంది. మిగిలినదంతా ఆకును వేడెక్కించడానికి, మరీ ఎక్కువైతే ఆకులో వెలుతురును పట్టుకునే యంత్రాంగాన్ని దెబ్బతీయడానికి పనికొస్తుంది. అదే సమయానికి, బాగా ఒత్తుగా పెరిగిన తోటలో అడుగు ఆకుల దగ్గర లక్స్ మీటరు పెట్టి చూడండి, పైన ఉన్నదాంట్లో పదో వంతు కూడా ఉండదు. పెళ్లి బంతిలో ముందు వరసలో కూర్చున్నవాళ్లు చాలు చాలంటున్నా నాలుగోసారి వడ్డించి, చివరి వరస దాకా గరిటె రాకపోతే ఎలా ఉంటుందో, మీ తోటలో మధ్యాహ్నం పూట జరుగుతున్నది అదే. వండింది తక్కువేం కాదు, వడ్డన బాగోలేదు.

నేరుగా పడే ఎండ ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి వస్తుంది. దారిలో ఆకు అడ్డొస్తే దాని వెనక నీడ, పైన కప్పును మోసే ట్రస్ పైపు అడ్డొస్తే కింద బెడ్డు మీద నీడ చార, వాననీరు పోయే గట్టర్ అడ్డొస్తే వరస మొత్తానికీ నీడ పట్టీ. మొక్కల వరసలు ఉత్తర దక్షిణాలుగా ఉంటే మిట్టమధ్యాహ్నం మంచి ఎండ చాలావరకు రెండు వరసల మధ్య దారి మీద పడి నేలపాలవుతుంది, పక్క కొమ్మలకు అందదు. చెదిరిన వెలుతురు అలా కాదు, పైన షీటు అంతటి నుంచీ అన్ని కోణాల్లోనూ దిగుతుంది, కాబట్టి ఒక వైపు ఆకు అడ్డున్నా మరో వైపు నుంచి సందు చూసుకుని లోపలికి వెళుతుంది, మధ్య కొమ్మలకూ కింది ఆకులకూ అందుతుంది. దీన్ని కళ్లతో చూడాలంటే పరికరాలేమీ అక్కర్లేదు. మిట్టమధ్యాహ్నం పాలీహౌస్‌లో నిలబడి నేలకు మూరెడు ఎత్తున చెయ్యి చాపండి. నీడలో వేళ్లు విడివిడిగా గీత గీసినట్టు కనిపిస్తే మీకు వచ్చేది నేరు ఎండ. నీడ అంచులు కరిగిపోయి, ఉందా లేదా అన్నట్టుంటే అది చెదిరిన వెలుతురు.

ప్రకృతిలోనూ ఈ రెండూ కలిసే వస్తాయి. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున మొత్తంలో సుమారు పది ఇరవై శాతమే చెదిరిన వెలుతురు, మిగిలింది నేరు ఎండ. పూర్తిగా మబ్బు కమ్మితే అంతా చెదిరినదే. అందుకే ముసురు పట్టిన రోజున మీరు ఏ షీటు వేసినా లోపల వెలుతురు ఒకే రకంగా ఉంటుంది, అప్పటికే చెదిరిపోయిన దాన్ని షీటు కొత్తగా చెదరగొట్టేదేమీ లేదు. ఆ రోజు కావలసిందల్లా షీటు గుండా ఎంత లోపలికి వస్తుందన్నదే. ఈ ముక్క గుర్తుంచుకోండి, షీటు ఎంచుకునేటప్పుడు ఇదే అసలు పరీక్ష అవుతుంది.

ఇప్పుడు పక్క ఊరాయన మాట. వెలుతురును కోయడం ఒక పని, చెదరగొట్టడం ఇంకో పని. నల్ల షేడ్‌నెట్ చేసేది కోయడమే. సగం దారాలు మింగేస్తాయి, మిగతా సగం సందుల గుండా నేరు ఎండగానే కిందికి వస్తుంది. అంటే కిందకు చేరిన ఎండ పాత ఎండే, కాకపోతే సగం. పైగా ఆ మింగిన దారాలు వేడెక్కి, నెట్ లోపలే కాబట్టి ఆ వేడిని మీ మొక్కల నెత్తి మీదే వదులుతాయి. మంచి డిఫ్యూజ్డ్ షీటు కోయదు, అందులో కలిపిన సన్నటి పదార్థం కిరణాలను పక్కలకు వంచి లోపలికే పంపుతుంది. చూడటానికి మాత్రం రెండూ ఒకేలా అనిపిస్తాయి, ఎందుకంటే పాల షీటు కింద నిలబడితే కళ్లకు చురుక్కుమనదు, చల్లగా ఉన్నట్టనిపిస్తుంది, దాంతో వెలుతురు తగ్గిపోయిందని మనకు తోస్తుంది. కంటిని నమ్మొద్దు, మీటరును నమ్మండి.

అయితే ఆయన ఊరికే అన్నాడని కూడా నేను అనను. మార్కెట్లో తెల్లగా కనిపించేదంతా డిఫ్యూజ్డ్ కాదు. చవక ఫిల్లర్ పొడి కలిపి తెల్లబరిచిన షీటు వెలుతురును చెదరగొట్టే పేరుతో బయటికే తిప్పి పంపేస్తుంది. అలాంటిది వేసుకున్నవాళ్లకు కాపు తగ్గే ఉంటుంది, అందులో ఆశ్చర్యమేమీ లేదు.

దీని మీద గట్టి పరిశోధన జరిగింది నెదర్లాండ్స్‌లో, ముఖ్యంగా వాగెనింగెన్ విశ్వవిద్యాలయంలో. వాళ్లవి గాజు గ్రీన్‌హౌస్‌లు. టమాటాలో మామూలు గాజు కింద ఒకటి, వెలుతురును 71 శాతం చెదరగొట్టే గాజు కింద ఒకటి పెంచి పోల్చినప్పుడు, పంట మొత్తం కిరణజన్య సంయోగక్రియ 7.2 శాతం పెరిగినట్టు 2014లో ప్రచురించారు. అందులో నాకు బాగా నచ్చిన విషయం ఏమిటంటే, అందరూ అనుకున్నట్టు వెలుతురు పై నుంచి అడుగు దాకా దిగడం ఒక్కటే కారణం కాదు, ఒకే ఎత్తులో ఉన్న ఆకుల మధ్య ఎండ మచ్చలు, నీడ మచ్చలు లేకుండా అడ్డంగా సమంగా పరచుకోవడం అంతకంటే పెద్ద వాటా తెచ్చిపెట్టింది. ఒక ఆకు మండిపోతూ పక్క ఆకు పస్తుండటం తగ్గిందన్నమాట. కీరదోసలో కూడా వాళ్లకు దిగుబడి పెరిగింది. టమాటాలో ఇంకో లాభం, సీజన్ చివర్లో బూడిద రంగు బూజు తెగులు కూడా తగ్గిందని చూశారు.

ఇది గ్రీన్‌హౌస్‌లోనే జరిగే వింత కాదు. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో పినటూబో అగ్నిపర్వతం పేలి, దాని ధూళి పైవాతావరణంలో ప్రపంచమంతా పరచుకుంది. ఎండ కొంత తగ్గింది, చెదిరిన వెలుతురు పెరిగింది. మరుసటి ఏడాది అమెరికాలో హార్వర్డ్ ఫారెస్ట్ అనే అడవిలో మబ్బు లేని మధ్యాహ్నాల్లో కిరణజన్య సంయోగక్రియ 23 శాతం ఎక్కువగా నమోదైంది. సూర్యుడు కాస్త మసకబారితే అడవి ఎక్కువ తిన్నదన్నమాట!

కానీ ఆ డచ్చి, అంటే నెదర్లాండ్స్ వాళ్ల, అంకెలు పట్టుకుని మీరు లెక్కలు వేసుకోకండి. వాళ్లకు ఏడాదిలో సగం వెలుతురు కరువు, కాబట్టి ప్రతి చుక్కా దిగుబడిగా కనిపిస్తుంది. పండ్లజాతి కూరగాయల్లో ఒక శాతం వెలుతురు తగ్గితే సుమారు 0.7 నుంచి ఒక శాతం దిగుబడి తగ్గుతుందని అక్కడ లెక్క. అందుకే చెదరగొట్టే గాజు మీద ప్రతిబింబాన్ని తగ్గించే పూత వేసి, పోయిన వెలుతురు తిరిగి వచ్చేలా చేసుకున్నాకే అది అక్కడ బాగా చలామణిలోకి వచ్చింది. మన దగ్గర ఫిబ్రవరి నుంచి మే దాకా వెలుతురుకు కొరత లేదు, ఎలాగూ నెట్ వేసి కోసుకుంటున్నాం. కాబట్టి మనకు డిఫ్యూజ్డ్ షీటు వల్ల వచ్చే మొదటి లాభం నా దృష్టిలో దిగుబడి శాతం కాదు, కాయ కాలకపోవడం, నెట్ మూయాల్సిన గంటలు తగ్గడం. కాలిన కాయ బి గ్రేడుకో పారబోతకో పోతుంది, ఆ నష్టం ఏ శాతాల్లోనూ దొరకదు, మీ అమ్మకం చిట్టీల్లోనే కనిపిస్తుంది. ఇక జులై నుంచి సెప్టెంబరు దాకా మన కథ కూడా డచ్చి వాళ్ల కథే, మబ్బులు, వెలుతురు కరువు. అప్పుడు లోపలికి తక్కువ పంపే షీటు వేసుకుంటే, సరిగ్గా నాటిన మొక్క ఎదగాల్సిన సమయంలో దెబ్బ పడుతుంది.

ఒక లెక్క చూడండి. ముసురు రోజున బయట 20 వేల లక్స్ ఉందనుకుందాం. దుమ్ము పట్టిన మీ పాత షీటు 70 శాతమే పంపుతోందనుకుంటే లోపల 14 వేలు. దాని కింద 50 శాతం నెట్ మూసి ఉంటే 7 వేలు. అది మొక్క పైభాగంలో. మధ్య కొమ్మల్లో ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. క్యాప్సికమ్ అలాంటి వెలుతురులో పూత నిలపదు, నిలపలేదు, దాని దగ్గర సరుకు ఉండదు. ఎండాకాలంలో కూడా ఉదయం 9 లోపు, సాయంత్రం 4 తర్వాత నెట్ మూసి ఉంటే మీరు పంటకు అత్యంత పనికొచ్చే వెలుతురును, మొక్క చల్లగా ఉండి నీరు బాగా పీల్చే సమయంలోని వెలుతురును పారేసుకుంటున్నట్టే. మీ పూత రాలడానికి ఇది ఒక కారణం అని నా గట్టి నమ్మకం. రాత్రి వేడి మరో కారణం, ఏప్రిల్, మే నెలల్లో దానికి పెద్దగా మందు లేదు.

అందుకని నెట్ ఇలా వాడండి. మార్చి నుంచి మే దాకా, ఎండ కాస్తున్న రోజుల్లో మాత్రం, ఉదయం 11 ప్రాంతాల్లో మూసి మూడు, మూడున్నరకు తీసేయండి. మబ్బు పడితే తీసేయండి, మధ్యాహ్నమైనా సరే. జూన్ రెండో వారం నుంచి జనవరి దాకా దాన్ని చుట్టి కట్టేయొచ్చు, నాటిన మొదటి వారం పది రోజులు తప్ప. గేరు తిప్పడానికి ఒక మనిషి కావాలి, బద్ధకం వేస్తుంది, నాకు తెలుసు, చాలామంది మార్చిలో మూసి జూన్‌లో తీస్తారు. కానీ ఇప్పుడు మీ తోట నెలలుగా నీడకు అలవాటుపడి ఉంది, ఆకులు పలచగా, మెత్తగా తయారై ఉంటాయి. రేపే నెట్ పూర్తిగా తీస్తే ఆ ఆకులు మాడిపోతాయి, తర్వాత నన్ను తిడతారు. మొదట ఉదయం, సాయంత్రం గంట చొప్పున తీయండి, రెండు మూడు రోజులకోసారి గంట పెంచుతూ పోండి, మబ్బు రోజు దొరికితే ఆ రోజు మొదలుపెట్టండి. పది రోజుల్లో అలవాటైపోతుంది.

నెట్ కూడా మార్చే ఆలోచన ఉంటే నల్లది వద్దు. తెల్లటిది లేదా ముత్యపు రంగుది చూడండి. ఇజ్రాయెల్‌లో వోల్కానీ సెంటర్ అనే వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్లు బెల్ పెప్పర్ మీద, అంటే మన క్యాప్సికమ్ మీదే, రంగు నెట్లు పోల్చి చూసినప్పుడు అంతే నీడనిచ్చే నల్ల నెట్ కంటే ముత్యపు రంగు నెట్ కింద దిగుబడి మెరుగ్గా వచ్చింది. అది కోస్తూనే కొంత చెదరగొడుతుంది. డిఫ్యూజ్డ్ షీటు పైన ఉంటే మీకు 50 శాతం నెట్ అవసరం కూడా ఉండకపోవచ్చు, 30, 35 శాతంతో సరిపోతుందేమో మొదటి వేసవి చూసుకుని నిర్ణయించుకోండి.

తెల్ల మచ్చల గురించి. కాయకు ఎండ తగిలే పక్కన మచ్చ తెల్లగా, కాగితంలా పలచబడి, లోపలికి నొక్కుకుపోయినట్టుంటే అది ఎండదెబ్బ. నేరు ఎండ పడిన కాయ చర్మం చుట్టూ ఉన్న గాలి కంటే చాలా వేడెక్కుతుంది, ఆకుకైతే చెమట పట్టినట్టు నీరు వదిలి చల్లబడే దారి ఉంది, కాయకు అది లేదు. మచ్చ కాయ అడుగున మొదలై గోధుమ రంగుకు, నలుపుకు తిరిగితే అది కాల్షియం, నీటి ఎద్దడి సమస్య, షీటు మార్చినా పోదు. మీది మొదటిదే అనిపిస్తోంది, అయినా ఒక బుట్టెడు కాయలు ముందేసుకుని చూడండి. పశ్చిమం వైపు వరసల్లోనే ఎక్కువగా ఉంటే ఆ పక్క గోడకు నిలువుగా నెట్ కట్టేస్తే చాలావరకు తగ్గుతుంది. ఇంకో పని, కత్తిరింపులో కూలీలు చేతికొచ్చినట్టు కాయల మీది ఆకులు తెంపేస్తుంటారు, గాలి ఆడాలని. కాయ మీద గొడుగులా ఉన్న ఆకును ఉంచమని వాళ్ల దగ్గర నిలబడి చెప్పండి.

పై ఆకుల ముడతను మాత్రం వెలుతురు ఖాతాలో వేసి ఊరుకోకండి. ఆకు అంచులు పైకి ముడుచుకుని పడవలా ఉంటే తామర పురుగులు, కిందికి ముడుచుకుని కాడ సాగినట్టుంటే నల్లి, ఎక్కువ సందర్భాల్లో ఇంతే. లేత ఆకు అడుగున భూతద్దం పెట్టి చూడండి. మధ్యాహ్నం ముడుచుకుని సాయంత్రానికి మళ్లీ విప్పుకుంటే అది ఎండ, వేడి. సాయంత్రానికీ విప్పుకోకపోతే పురుగును వెతకాల్సిందే.

కింది ఆకులు పసుపుబారడం కొంత సహజం, తొమ్మిది పది నెలల పంట, అడుగు ఆకు ఎంతకాలం ఉంటుంది. కానీ ఫిబ్రవరికే రాలుతున్నాయంటే నెట్ నీడ దానికి తోడైంది. దారుల్లో తెల్ల వీడ్‌మ్యాట్ పరిస్తే నేలపాలయ్యే ఎండలో కొంత తిరిగి కింది ఆకులకు కొడుతుంది, ఖర్చు తక్కువ, కలుపు బాధ కూడా పోతుంది. ఆకుల ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపుబారితే మెగ్నీషియం లోపం కూడా ఉందేమో చూసుకోండి.

ఇక షీటు కొనే పద్ధతి. డీలరును రెండు శాంపిళ్లకూ కంపెనీ డేటా షీటు అడగండి. అందులో రెండు అంకెలు వేర్వేరుగా ఉండాలి, మొత్తం వెలుతురు ఎంత శాతం వస్తుంది, అందులో చెదిరినది ఎంత శాతం. ఒక్క అంకె చూపించి ఇదే అదీ అంటే ఒప్పుకోకండి. క్లియర్ షీటు 88, పాల షీటు 86 ఉండి, చెదరగొట్టేది 50 పైన ఉంటే కళ్లు మూసుకుని పాలదే తీసుకోండి. పాలది 78 అంటే నేను తీసుకోను, వానాకాలంలో ఆ పది పాయింట్లు పూడ్చుకునే దారి లేదు. చెదరగొట్టే అంకెలో కూడా ఒక మతలబు ఉంది, హేజ్ అని రాస్తే అది కిరణం 2.5 డిగ్రీల కంటే ఎక్కువ వంగిందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. మూడు డిగ్రీలు వంగినా, నలభై డిగ్రీలు వంగినా దాని లెక్కలో ఒకటే. పంటకు రెండోదే కావాలి. దాన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు. చీకటి గదిలో తెల్ల గోడకు అడుగు దూరంలో శాంపిల్ పట్టుకుని, పిల్లలు ఆడుకునే లేజర్ లైటు దాని గుండా వేయండి, కళ్లలో పడకుండా జాగ్రత్త. గోడ మీద చిన్న చుక్కే పడితే అది చెదరగొట్టేది తక్కువ. చుక్క కరిగిపోయి పెద్ద వెలుగు మచ్చ పరచుకుంటే అది మంచి షీటు.

లక్స్ మీటరుతో కూడా ఒకసారి చూడండి, ఎండ నిలకడగా ఉన్న మధ్యాహ్నం. శాంపిల్ చేతి రుమాలంత ఉంటే సరిపోదు, మీటరు వెడల్పు మీటరు పొడవు ముక్క అడగండి. చిన్న ముక్కయితే చెదిరిన వెలుతురు పక్కలకు పోయి పాల షీటుకు అన్యాయంగా తక్కువ రీడింగ్ వస్తుంది. షీటును సెన్సార్‌కు దగ్గరగా పట్టుకుని, అడ్డం లేకుండా ఒకసారి, అడ్డంతో ఒకసారి, ఇలా మార్చి మార్చి కొన్ని రీడింగులు తీసి సగటు చూసుకోండి. ఫోన్ యాప్ వద్దు, ఒకే ఫోను ఎండలో ఒకలా నీడలో ఒకలా చెబుతుంది.

మందం 200 మైక్రాన్లు, యూవీ స్టెబిలైజ్డ్ (ఎండకు త్వరగా పాడవకుండా చేసినది), నీటి చుక్కలు నిలవనివ్వని యాంటీ డ్రిప్ గుణం, ఇవి ఉన్నాయో లేదో అడగండి. చలికాలం పొద్దున్నే షీటు లోపలి వైపు చుక్కలు పట్టి ఉంటే వెలుతురు తిరిగి బయటికి పోతుంది, చుక్కలు మొక్క మీద రాలి తెగుళ్లు కూడా తెస్తాయి. ఏ షీటు వేసినా దుమ్ముకు లోకువే. మీది రోడ్డు పక్కన అయితే దసరా దాటాక, వానలు వెనక్కి తగ్గాక ఒకసారి పైపుతో మెత్తని బ్రష్ పెట్టి కడిగించండి. గంధకం పొగ వేస్తే షీటు ఆయుష్షు తగ్గుతుంది, గ్యారంటీ కాగితంలో చాలా కంపెనీలు ఆ మాట రాస్తాయి, మనం చదవం. కొందరు వేసవిలో షీటు మీద సున్నం పూస్తారు. అది చెదరగొడుతుంది, కోస్తుంది కూడా, కానీ జూన్ మొదటి వానకు సగమే పోయి మిగతాది మచ్చలు మచ్చలుగా వానాకాలమంతా ఉండిపోతుంది. మీకు నెట్ ఉంది కాబట్టి ఆ పని పెట్టుకోకండి.

ఒక్క విషయం ముందే చెప్పాలి, లేకపోతే మేలో ఫోన్ చేసి అడుగుతారు. డిఫ్యూజ్డ్ షీటు వేస్తే పాలీహౌస్ చల్లబడదు. లోపలికి వచ్చే మొత్తం శక్తి దాదాపు అంతే, గాలి వేడి దాదాపు అంతే. తగ్గేది ఒక్కో ఆకు మీద, ఒక్కో కాయ మీద మచ్చలా పడి కాల్చే వేడి. పక్క తెరలు ఎత్తడం, పైన గాలి పోయే సందు మూసుకుపోకుండా చూడటం, మంచులా నీరు చిమ్మే ఫాగర్లు, ఇవన్నీ ఇప్పుడు ఎలా చేస్తున్నారో అలాగే చేయాలి.

నర్సరీకి కూడా అదే షీటు వేయొచ్చు, కానీ లాభం తక్కువ. ప్రో ట్రేలో, అంటే నారు పెంచే గుంటల ట్రేలో, బెత్తెడు నారుకు పై ఆకు, కింది ఆకు అనే గొడవ లేదు, వెలుతురు లోపలికి దిగాల్సిన లోతే లేదు. అక్కడ పనికొచ్చేది ఒకటే, పైపుల నీడ చారలు పడకపోవడం వల్ల ట్రేలన్నీ ఒకే ఎత్తున ఎదుగుతాయి, ఒక మూల పొట్టిగా ఒక మూల పొడుగ్గా ఉండవు. అమ్మే నారుకు అది చిన్న విషయమేమీ కాదు. నారు సన్నగా సాగిపోతుందేమోనని చాలామంది డిఫ్యూజ్డ్‌కు భయపడతారు, సాగేది వెలుతురు చెదిరినందుకు కాదు, చాలనందుకు. పది ట్రేలు నెట్ కింద, పది ట్రేలు నెట్ లేకుండా ఒకే షీటు కింద పెట్టి రెండు వారాలు చూడండి. మొలక వచ్చిన మొదటి కొద్ది రోజులు నీడ ఇచ్చి, రెండో ఆకు విప్పుకున్నాక నెట్ తీసేయండి. ఇక షీటు కట్టే రోజు గాలి లేని తెల్లవారుజామునే మొదలుపెట్టండి. షీటు మీద ఈ వైపు లోపలికి అని గుర్తు ఉంటుంది, తిరగేసి కడితే యాంటీ డ్రిప్ పూత బయట పడి వృథా అవుతుంది, మేస్త్రీ మీద వదిలేయకుండా మొదటి రోల్ విప్పేటప్పుడు మీరే చూసుకోండి.